నలభై ఒకటో పేజీలో నాయనమ్మ

మా వెర్డీ అత్తకి వాళ్ళమ్మ అంటే పడేది కాదు. ఆవిడ పోయి ఇరవై ఏడేళ్ళయినా పడేది కాదు. సమాధుల దగ్గర గడ్డి పీకే రోజున కూడా తండ్రి రాయి చుట్టూ శుభ్రం చేసి, పక్కనున్న తల్లి రాయి వైపు తల తిప్పకుండా వచ్చేసేది. ఆ రాయి చుట్టూ నేను పీకేదాన్ని. "నాయనమ్మ ఎలా ఉండేదత్తా?" అని నేనెప్పుడైనా అడిగితే, "కుండలు బాగా చేసేది" అనేది. అక్కడితో ఆపేసేది.

కారణం మా కటాబా తెగ వాళ్ళందరికీ తెలిసిందే. 1920 ఎండాకాలంలో మా నాయనమ్మ సాబ్రా ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని నది పల్లంలోకి కుండల మట్టి తవ్వడానికి వెళ్ళింది. వెర్డీ అత్తకి అప్పుడు నాలుగేళ్ళు, ఆమె తమ్ముడు రాస్కోకి రెండేళ్ళు. మధ్యాహ్నం ఎండలో నాయనమ్మ గుంట పక్కన కునుకు తీసింది. లేచేసరికి రాస్కో లేడు. నదిలో చాలా దూరాన, రెల్లు దుబ్బుల్లో దొరికాడు. తాను నిద్రపోయానని నాయనమ్మే అందరికీ చెప్పింది. తాతయ్య ఏడాది పాటు మిల్లు ఊళ్ళోనే ఉండిపోయాడు, ఇంటి మొహం చూడలేదు. ఆ తరవాత తిరిగొచ్చాడు, మా నాన్న పుట్టాడు, కానీ ఆ ఇంట్లో రాస్కో పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బయట మాత్రం ఆడవాళ్ళు నాయనమ్మకి 'కునుకు సాబ్రా' అని పేరు పెట్టారు. అత్త ఆ పేరు వింటూ పెరిగింది.

అత్తకి రెండో కోపం కూడా ఉండేది. నాయనమ్మకి మా భాష వచ్చు. అప్పటికే ఆ భాష వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. చిన్నప్పుడు అత్త నేర్పమని అడిగితే, "ఈ మాటలతో నీకేం పని? బళ్ళో చెప్పేది నేర్చుకో పో" అందట. కూతురికి నేర్పనిది, ఉత్తరాది నుంచి వచ్చిన ఒక తెల్లదొర ప్రొఫెసరుకి మాత్రం నాలుగు వేసవులు వరండాలో కూర్చోబెట్టి నేర్పింది. అత్తకి మిగిలింది ముప్పై మాటలు. కుక్క, మొక్కజొన్న, యిస్వా అంటే నది, హవూ అంటే మేలు చేసినవాళ్ళకి చెప్పేది. పిల్లల్ని భయపెట్టడానికి అడవిలో తిరిగే చిట్టి మనుషుల పేరు, యెహసూరి.

1976 చలికాలంలో మా పెద్దలు సభ పెట్టుకుని, పిల్లలకి వారానికి రెండు సాయంత్రాలు మన భాష చెప్పాలని తీర్మానించారు. చెప్పడానికి ఎవరికీ రాదు. మిస్ ప్రాట్ అని భాషల మీద పనిచేసే ఒకావిడ, ఆ పాత ప్రొఫెసరు రాసుకున్న నోటు పుస్తకాలకి నకళ్ళు తీయించి ఒక పెట్టెనిండా పంపింది. ప్రొఫెసరు ఎప్పుడో పోయాడు. పట్నంలో బడి ఆఫీసులో టైపు చేసేదాన్ని కాబట్టి, అందులోంచి పిల్లలకి పనికొచ్చే వాక్యాలు ఏరి టైపు కొట్టే పని నాకు అప్పజెప్పారు. పలకడానికి తోడుగా అత్తని అడిగాను.

"ఆ దొర పుస్తకాలా?" అంది అత్త. అరవై ఏళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళు బట్టల మిల్లులో మగ్గాల మోతలో పనిచేసి చేసి మామూలు మాట కూడా కేకేసినట్టే అనేది. "మా ఇంట్లో కేట్‌ఫిష్ పులుసు తిని మూడు రోజులు పడకేశాడు. వాడు రాసింది మనం చదవాలా?"

అన్నది కానీ, ఆదివారం మధ్యాహ్నం బల్ల తుడిచి కూర్చుంది. చేతిలో ఒక పచ్చి కుండ, దాన్ని నున్నగా రుద్దే గులకరాయి. ఆ రెండూ లేకుండా అత్త కూర్చోగా నేను చూడలేదు.

మొదటి ముప్పై పేజీలూ సరదాగానే గడిచాయి. మా మాట ఒక వరసలో, దాని కింద ఇంగ్లీషు అర్థం, ముందు అంకె. నా కుక్క రొట్టె తింది. నీ కుక్క రొట్టె తింది. వాళ్ళ కుక్క రొట్టె తినలేదు.

"నాలుగు వేసవులు వచ్చింది కుక్క రొట్టె తినడం చూడ్డానికా?" అని అత్త పగలబడి నవ్వింది. "మా అమ్మ కూడా ఎంత ఓపిగ్గా చెప్పిందో చూడు. నాతో ఒక్క పూట ఇంత మాట్లాడితేగా."

నలభై ఒకటో పేజీలో ప్రొఫెసరు 'నిద్రపోవు' అనే మాట అడిగాడు. నేను కింది అర్థాలు వరసగా చదువుకుంటూ పోయాను. ముందుచూపు లేకుండా చదివాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపమొస్తుంది.

"నేను నిద్రపోతాను. నువ్వు నిద్రపోతావు. ఆమె నిద్రపోయింది అంటారు. నేను నిద్రపోలేదు."

అత్త చేతిలో రాయి ఆగింది. నేను చదువుతూనే పోయాను.

"నేను మట్టి తవ్వుతున్నాను. పిల్ల చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. పిల్ల ఒక్కతే వచ్చింది."

అప్పుడు నాకు తట్టింది. ఆపేశాను.

"చదువు" అంది అత్త.

"అత్తా, ఇది..."

"చదవమన్నాను కదే."

"నేను నిద్రపోయానని చెప్పాను. పిల్లకు చెప్పలేదు. పిల్లకు చెప్పను." దాని కింద పేజీ అంచున ప్రొఫెసరు చేతిరాత: 'లేదు, కాదు అనే రూపాలు ఇక్కడ స్పష్టంగా ఉన్నాయి. ఆమె అలిసిపోయింది. నేటికి ఇంతే.' తారీఖు, 1937 ఆగస్టు తొమ్మిది.

అత్త ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుంది. కళ్ళద్దాలు సవరించుకుని పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ చదివింది. ఆమె వేళ్ళకున్న తడి మట్టి కాగితానికి అంటుకుంది.

"పిల్ల అంటే ఎవరు?" అని అడిగింది.

"నాకేం తెలుస్తుందత్తా?"

"ఆ ఇంట్లో అప్పటికి ఒక్కతే పిల్ల."

అంత పెద్ద గొంతున్న మనిషి ఆ మాట ఎంత మెల్లిగా అందంటే, నేను పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. చెయ్యి పట్టుకుంటే నదిలోంచి తీసిన రాయిలా చల్లగా ఉంది. నీళ్ళు ఇస్తే తాగలేదు. "తప్పు రాసుంటాడు" అంది కాసేపటికి. "వాడికి మన భాష ఏం తెలుసు? తప్పు రాసుంటాడు. నువ్వా మిస్ ప్రాట్‌కి ఫోన్ చెయ్యి."

మర్నాడు బడి నుంచి వచ్చాక అత్త ఇంటి నుంచే మిస్ ప్రాట్‌కి ఫోన్ చేశాను. సంగతి చెప్పకుండా పేజీ అంకె చెప్పాను. ఆవిడ తన దగ్గరున్న నకలు తీసి చూసింది. తరవాత అంది, "అర్థాలు సరిగ్గానే రాశాడండీ. ప్రతి వాక్యం చివరా 'రే' అని ఉంది చూడండి. జరిగింది జరిగినట్టు చెప్పేటప్పుడు పెట్టేది అది."

అత్త నా చేతిలోంచి రిసీవర్ లాక్కుంది. "కుక్క రొట్టె తిన్నచోట కూడా అదే ఉంది కదమ్మా?"

"ఉందండీ."

"అయితే కుక్క రొట్టె తినడం ఎంత నిజమో ఇదీ అంతే నిజమా? లేకపోతే వాడు అడిగాడు కాబట్టి ఏదో ఒకటి చెప్పిందా?"

"వాక్యం ఏం చెప్తోందో నేను చెప్పగలనండీ. ఆ రోజు ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది? ఆవిడని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఒక్కడున్నాడు. నాయనమ్మ తమ్ముడు లాంజో తాత. ఎనభై ఒక్క ఏళ్ళు, రోడ్డుకి అవతల గుట్ట మీద ఒంటరిగా ఉండేవాడు. చిన్నప్పుడు పెద్దవాళ్ళ నోట విన్న భాష చెవికి అర్థమవుతుంది కానీ నాలుక మీదికి రాదు అనేవాడు. టేపు రికార్డరు పట్టుకెళ్తే ఎవరినైనా సరే గుమ్మంలోంచే పంపించేసేవాడు.

మేం వెళ్ళేసరికి పొయ్యి దగ్గర కూర్చుని బీన్స్ ఒలుస్తున్నాడు. అత్త కూర్చోలేదు.

"మామా, రాస్కో పోయిన రోజు మా అమ్మ నిద్రపోయిందా?"

తాత చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. అత్త మొహం చూశాడు, నా చేతిలో కాగితం చూశాడు. "ఆ దొర రాశాడా అది?" అన్నాడు.

అత్త గోడకి చెయ్యి ఆన్చింది. అడిగినదానికి అది జవాబు కాదు. అయినా మా ఇద్దరికీ తెలిసిపోయింది.

"నీకు తెలుసు" అంది అత్త. "ఇన్నేళ్ళూ నీకు తెలుసు."

"ఆ వరండా మెట్ల మీద కూర్చుని విన్నాను. అంతకుముందు నాకూ తెలీదు. కునుకు తీసిందనే అనుకున్నాను. ఆ దొర పెన్సిలు పట్టుకుని, నేను నిద్రపోతాను ఎలా అంటారు, నువ్వు నిద్రపోతావు ఎలా అంటారు అని అడుగుతున్నాడు. మా అక్క చెప్తోంది. చెప్తూ చెప్తూ ఆ మాట చెప్పింది. వాడి మొహం కూడా చూడకుండా, చెట్లకేసి చూస్తూ చెప్పింది. వాడేమో గబగబా రాసుకుని, చాలా బాగుందండీ, ఇంకోసారి మెల్లిగా చెప్పండి అన్నాడు."

"చెప్పిందా?"

"చెప్పింది. అదే మాట, అలాగే, మెల్లిగా."

అత్త నేల మీద కూలబడింది. నేను పట్టుకోబోతే తోసేసింది.

"ఎలా జరిగింది మామా? నాకేమీ గుర్తులేదు. ఒక్క ముక్క గుర్తులేదు."

"నాలుగేళ్ళ పిల్లవి, నీకేం గుర్తుంటుంది? ఆ దొర వెళ్ళాక నేనే అడిగాను. మట్టి చేతులతో అన్నం తినకూడదని అక్కే నీకు నేర్పిందట. నీ చేతులకి మట్టయింది, వాడి చేతులకీ అయింది. కడిగించుకొస్తానని వాణ్ణి తీసుకెళ్ళావు. అక్క గుంటలో దిగి ఉంది, వీపు మీకు. తిరిగి చూసేసరికి నువ్వు చేతులు కడుక్కుని శుభ్రంగా వచ్చావు. తమ్ముడేడే అంటే నదివైపు చూపించావట."

పొయ్యిలో కట్టె విరిగిన చప్పుడుకి నేను ఉలిక్కిపడ్డాను.

"మరి నిద్రపోయానని ఎందుకు చెప్పింది?" అని నేనే అడిగాను.

"మీ తాత కోపిష్టి. ఊరు ఇంత చిన్నది. పిల్లని జీవితమంతా వేలెత్తి చూపిస్తారు, నన్నంటే అననీ అంది. వెర్డీ దగ్గర చచ్చినా అనకు అని నా చేత ప్రమాణం చేయించుకుంది." తాత అత్త వైపు చూడకుండా అన్నాడు, "ఆ దొర అది రాసుకున్న ముందు రోజు సాయంత్రం నువ్వేమన్నావో గుర్తుందా? అది కూడా గుర్తులేదా?"

అది గుర్తుంది. అత్తకి అప్పుడు ఇరవై ఒకటి. తాను చేసుకోవాలనుకున్న మనిషిని నాయనమ్మ వద్దంది. వాడు తాగుతాడు అంది. అత్త వరండాలో, లాంజో తాత ముందు, దారిన పోయేవాళ్ళు వినేలా, "నిద్రపోయి కొడుకుని చంపుకున్నదానివి, నువ్వా నాకు చెప్పేది!" అంది. నాయనమ్మ బదులు చెప్పలేదు. కుండ రుద్దుతూనే ఉందట. తెల్లారి ప్రొఫెసరు వచ్చాడు. నిద్రపోవు అనే మాట అడిగాడు.

ఆ తరవాత రెండు వారాలు అత్త మట్టి ముట్టుకోలేదు. నేను పొద్దునా సాయంత్రం వెళ్ళి చూసేదాన్ని. బల్ల దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేది. ఒక రోజు చేతులు రెండూ ముందుకి చాచి, "ఇవే కదే" అంది. ఇంకో రోజు ఉన్నట్టుండి, "గుర్తుంటే బాగుండేది. ఏదో ఒకటి, నీళ్ళు చల్లగా ఉన్నాయనో, వాడు ఏడ్చాడనో. ఊరికే ఎవరో చెప్తే నమ్మాల్సొస్తోంది" అంది. ఇంకోసారి, "పన్నెండేళ్ళపాటు రోజూ ఎదురుగా ఉంది, ఆ మాటన్నాక. ఒక్క రోజైనా తిరిగి అనలేదే. ఎలా ఉండగలిగిందే?" అంది. కళ్ళల్లో నీళ్ళు లేవు. ఏడిస్తే బాగుండునని నేను ఎదురుచూశాను. ఏడవలేదు.

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ఉపవాసం. ఆ రోజు ఎవరూ ప్రసంగం చెయ్యరు. చెప్పాలనిపించినవాళ్ళు లేచి మనసులో ఉన్నది చెప్పి కూర్చుంటారు. పిల్లల జ్వరం తగ్గిందనో, దేవుడు పని చూపించాడనో చెప్తారు. అత్త ఎన్నడూ లేచిన మనిషి కాదు. ఆ ఆదివారం లేచింది. ఏం చేయబోతోందో నాకు తెలీదు. కొంగుపట్టి లాగినట్టు ఆమె కోటు చివర పట్టుకున్నాను. విదిలించుకుని ముందుకి వెళ్ళింది.

"నేను వెర్డీని. సాబ్రా కూతుర్ని" అంది. ఆ రెండో మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు. "మా అమ్మని మీలో పెద్దవాళ్ళు ఒక పేరుతో పిలిచేవాళ్ళు. నేనూ పిలిచాను. మా అమ్మ ఆ రోజు నిద్రపోలేదు. మా తమ్ముణ్ణి నదికి తీసుకెళ్ళింది నేను. నా మీదికి మాట రాకూడదని తనమీద వేసుకుంది. అది చెప్పాలని వచ్చాను."

వచ్చి కూర్చుంది. ఎవరూ కదల్లేదు. ఎక్కడో ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే తల్లి నోరు మూసింది. ముందు కూర్చున్న పెద్దమనిషి లేచి పాట అంకె చెప్పాడు. ఆ అంకె మీద క్రిస్మస్ పాట ఉంది. అది మార్చి నెల. అయినా అందరం అదే పాడాం.

బయటికొచ్చాక జనం అత్త పక్కనుంచి నడిచారు కానీ చెయ్యి కలపాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఐవీ అని తొంభై దగ్గరపడ్డ ముసలావిడ మాత్రం కర్ర ఆన్చుకుంటూ వచ్చి అత్త మోచెయ్యి పట్టుకుంది. "ఆ పేరు మొదట అన్నది నేనే వెర్డీ" అంది. మనవడు కారు తలుపు తీస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

లాంజో తాత మెట్ల కింద నిలబడి ఉన్నాడు.

"మా అక్క ఇరవై తొమ్మిదేళ్ళు మోసింది. నేను దాచాను. నువ్వు రెండు నిమిషాల్లో నడివీధిలో పారబోశావు. సిగ్గులేదుటే?"

"అది నాది మామా" అంది అత్త. "నాది నేను తీసుకున్నాను."

"తీసుకోమని అది అడిగిందా?"

"లేదు. అమ్మ కూడా నన్ను అడిగి చెయ్యలేదుగా."

తాత టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వసంతం, ఎండాకాలం అత్తతో మాట్లాడలేదు. ఎవరిది న్యాయమో నాకు అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలలేదు.

పిల్లల పుస్తకం టైపు చేసేటప్పుడు మిస్ ప్రాట్ ఫోన్ చేసి, నలభై ఒకటో పేజీ ఏం చేద్దామని అడిగింది. మీరు చింపెయ్యమంటే నా నకలు కూడా పంపించేస్తానంది. అత్త వద్దంది. పిల్లల పుస్తకంలో పెట్టొద్దు, అసలు పుస్తకంలోంచి తియ్యొద్దు అంది. "మా అమ్మ చెప్పుకోవడానికి దొరికిన చోటు అదొక్కటే. అది నేనెలా చింపుతాను?"

వారానికి రెండు సాయంత్రాలు తరగతికి వచ్చింది. మాటలు నేర్పుతూనే తానూ నేర్చుకుంది. నోరు తిరిగేది కాదు. పిల్లలు నవ్వితే, "నవ్వండి నవ్వండి, మీకొస్తే నాకూ చెప్పండి" అని కేకేసేది. తరగతి మూడు చలికాలాలు నడిచి ఆగిపోయింది. అప్పటికి ఆమెకి రెండొందల పైన మాటలు వచ్చాయి. చర్చిలో లేచి చెప్పిన ఏడాదే సమాధుల శుభ్రానికి నాకంటే ముందే వెళ్ళి, నేను చేరేసరికి నాయనమ్మ రాయి చుట్టూ నేల చేత్తో తడిమి చదును చేస్తోంది.

అదే ఏడాది ఆకులు రాలే కాలంలో ఒక ఉదయం లాంజో తాత చెప్పకుండా అత్త వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. అత్త మజ్జిగ, మొక్కజొన్న రొట్టె తెచ్చి పెట్టింది. పెరట్లో కోళ్ళు తిరుగుతున్నాయి. తాత వాటినే చూస్తున్నాడు.

"వాడికి కోళ్ళంటే భయం" అన్నాడు.

"ఎవడికి?"

"రాస్కోకి. కోడి కనిపిస్తే చాలు, పరిగెత్తుకొచ్చి నా కాలు పట్టుకునేవాడు. చిన్న కోడిపిల్లైనా సరే. దాన్ని చూసి వేలు చూపించి తిట్టేవాడు, మాటలు రాకపోయినా, ఏదో గొణిగి. కాలు మాత్రం వదిలేవాడు కాదు."

అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను, నవ్వుతూనే ఉంది, భుజాలు కదిలిపోతున్నాయి, అయితే చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. మార్చిలో రావాల్సినవి అప్పుడొచ్చాయి. యాభై ఏడేళ్ళలో తమ్ముడి గురించి, వాడు చనిపోయాడన్నది కాకుండా, ఆమె విన్న మొదటి సంగతి అది.

"ఇంకా చెప్పు మామా" అంది.